అల్లికయు కర్తృత్వమును: సామూహిక తంతుకళోత్సవములలో కళాకారుని స్థానము

నూలు, ఊలు, పట్టు, నార మొదలగు తంతువులే ఉపాదానముగా గల కళను తంతుకళ యనవచ్చును. నేత, అల్లిక, కుట్టు, ముడి ఇందలి ప్రధాన ప్రక్రియలు. ఇరువదవ శతాబ్ది ఉత్తరార్ధము నుండి ఈ కళకు ప్రత్యేకముగా ఉత్సవములును ప్రదర్శనలును ఏర్పడినవి. వానిలో కొన్ని ప్రసిద్ధులైన కళాకారులకు మాత్రమే ప్రవేశము గలవి. మఱికొన్ని ఊరివారి నందఱిని పిలిచి, ఒక్కొక్కరి చేతిపనిని స్వీకరించి, వాని నన్నింటిని ఒక మహారూపముగ కూర్చునవి. ఈ రెండవ తెగవానిని సామూహిక తంతుకళోత్సవములని ఈ వ్యాసమున వ్యవహరింతును.

ఇట్టి ఉత్సవమునకు తన అల్లికను సమర్పించిన వ్యక్తి కళాకారుడా, లేక మఱియొకరి కళకు చేయి సాయము చేసిన పనివాడా? పాల్గొనువారిలో స్త్రీలే అధికసంఖ్యాకులగుటచే ఈ ప్రశ్న మఱింత ముఖ్యమగుచున్నది. ఇల్లాండ్రు తరతరములుగ చేయుచున్న అల్లికను మనము 'చేతిపని' యనియే పిలిచితిమి. ఉత్సవము దానికి 'కళ' యను పేరిచ్చినది. ఆ పేరు వెనుక నిజమైన అంగీకార మున్నదా, లేక అది మర్యాదకు పలికిన మాటయా అనునది విచారింపదగిన విషయము.

ఈ కృతులను గూర్చి ఒక అభిప్రాయము వ్యాప్తిలో నున్నది. ఇవి పలువురు ప్రేమతో చేసినవి గావున విమర్శకు అతీతములనియు, గుణదోషవిచారణ ఇచట తగదనియు దాని సారాంశము. ఇది చూపునకు ఔదార్యమువలె నుండును. ఒక రచనను విమర్శింప నిరాకరించుట దానిని సాహిత్యముగ అంగీకరింప నిరాకరించుటయే యని సాహిత్యవిద్యార్థులకు తెలియును. కవిగా పరిగణింపబడిన వాని పద్యమునకే యతిభంగమును చూపుదుము, ఔచిత్యమును చర్చింతుము. అల్లిన చేతికి కళాకారుని పదవి నిచ్చుట నిజమైనచో, దానికి విమర్శను పొందు హక్కు కూడ నీయవలయును. ఈ ప్రతిపాదనను కొన్ని ఉదాహరణములతో నిరూపించుట ఈ వ్యాసోద్దేశము.

1. మన భాషలోని అల్లిక

తెలుగు విమర్శలో ఊలు, దారముల ప్రసంగమేల యను శంకకు మన భాషయే సమాధానము చెప్పుచున్నది. 'అల్లు' అను ఒక్క క్రియతోనే మనము జడను, చాపను, బుట్టను, లేసును, కథను, పద్యమును చెప్పుదుము. సంస్కృతమునుండి వచ్చిన సూత్రము, గ్రంథము, ప్రబంధము అను మాటలలో దారమో, ముడియో, కట్టో కలదు. 'పటము' అనగా మొదట వస్త్రము. తెలుగున చిత్రమునకు అదియే పేరైనది. శ్రీకాళహస్తి కలంకారీ పటములలో పురాణకథ చిత్రింపబడి, చిత్రముల వెంట తెలుగు అక్షరములలో కథాభాగము వ్రాయబడి యుండుట ఈ అర్థవికాసమునకు కన్నుల యెదుటి నిదర్శనము.

ఈ బంధుత్వము వలన మనకొక పరిభాష లభించుచున్నది. మగ్గము మీద నిలువుగ సాగదీసి కట్టిన దారములు పడుగు. అడ్డముగ నడుచునది పేక. పడుగు ముందే నిర్ణీతమై యుండును. ఒకసారి మగ్గమున కెక్కిన పిదప దానిని మార్చుట సాధ్యము కాదు. పేక నేయువాని చేతిలో నుండును. ఏ కళలోనైనను ముందుగ ఈయబడిన నియమమును పడుగుగను, ఆ నియమములో కర్త చూపిన స్వేచ్ఛను పేకగను భావింపవచ్చును. కొక్కెపు సూదితో అల్లు క్రోషే పనిలో పడుగుపేకల భేదము వస్తుతః లేదు. ఒక్క దారమే ఉచ్చులు ఉచ్చులుగ సాగును. అయినను ఈ ఉపమానము నియమస్వేచ్ఛల సంబంధమును తెలుపుటకు చాలియున్నది.

అవధానమునందలి సమస్యాపూరణము ఇట్టిదే. సమస్య పృచ్ఛకునిది. దానిలో ఒక్క అక్షరమునైనను మార్చుటకు అవధానికి అధికారము లేదు. మిగిలిన పాదములు అతనివి. అసంగతముగ తోచిన ఆ పాదమునకు పొందికయైన అర్థము కల్పించినప్పుడు సభ అతనిని కవిగనే మెచ్చుకొనును. సమస్య పరులదగుట చేత పద్యము అతనిది కాదని ఎవరును అనరు. ఉత్సవనిర్వాహకులు ఒక కొలతను, ఒక కుట్టును, ఒక వస్తువును నిర్దేశించి అందఱిని పిలిచినప్పుడు వారిచ్చునది సమస్య. పాల్గొనువారు చేయునది పూరణము. ఆ సమస్య పూరణకు ఎంత చోటు వదలినది యనునదియే విమర్శకుడు అడుగవలసిన మొదటి ప్రశ్న.

రెండవ ప్రశ్న పేరునకు సంబంధించినది. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున నానావిధ వస్త్రముల నామావళిని కూర్చినాడు. ఆనాటి నేతవైభవమును తెలిసికొనుటకు పరిశోధకుల కది గొప్ప ఆధారము. ఆ పట్టికలో బట్టల పేర్లున్నవి. నేసినవారి పేర్లు లేవు. నేతపని చేసిన జేడర దాసయ్య ఆ పురాణమున కనిపించును గాని, అతని కీర్తికి కారణము భక్తి. వస్త్రమునకు పేరుండి కర్తకు పేరు లేకుండుట మన సంప్రదాయమున ఇంత ప్రాచీనమైనది.

2. చిత్రకారుడును నేతగాడును

పాశ్చాత్యదేశములలో చిత్రవస్త్రము కళగా చిరకాలమునుండి గణింపబడినది. అయినను ఆ గౌరవము నేసిన చేతికి దక్కలేదు. చిత్రకారుడు నమూనాను గీయును. నేతశాలలోని పనివారు దానిని వస్త్రముగ దింపుదురు. ఇరువదవ శతాబ్దిలో ఫ్రాన్సుదేశమున ఈ కళను పునరుద్ధరించిన జాఁ ల్యూర్సా రంగులకు బదులు అంకెలు వేసిన నమూనాలను ప్రచారము చేసినాడు. ఏ అంకె గల చోట ఏ రంగు దారము వాడవలయునో ముందే నిశ్చితము. ఈ పద్ధతి వలన వ్యయము తగ్గినది, రంగుల సంఖ్య అదుపులోనికి వచ్చినది, చిత్రవస్త్రము నూనెరంగుల చిత్రమునకు అనుకరణము కాకుండ తన సహజగుణమును తిరిగి పొందినది. కాని మన పరిభాషలో చెప్పవలసినచో పడుగు చిత్రకారునిది, పేకయును చిత్రకారునిదే. నేతగానికి మిగిలినది నేర్పు మాత్రమే.

ల్యూర్సా చొరవతోనే స్విట్జర్లాండులోని లోజాన్ నగరమున 1962లో అంతర్జాతీయ చిత్రవస్త్ర ద్వైవార్షిక ప్రదర్శన మొదలైనది. అది 1995 వఱకు నడచినది. ఆ మొదటి ప్రదర్శనకే పోలండునుండి మాగ్దలీనా అబకానోవిచ్ వచ్చినది. ఆమె తన రచనను తానే నేసినది. నమూనాకును నేతకును నడుమ నున్న గోడ ఇచట తొలగిపోయినది. తరువాత ఆమె కిత్తనారతోను, ఓడలు విడిచిన పాత మోకుల పీచుతోను నేసిన పెనురూపములు గోడను వీడి నడిగదిలో వ్రేలాడినవి. నేయుచుండగనే రూపము నిర్ణయమగుట ఇందలి విశేషము. దారము బరువు, నార బిరుసుదనము రచనలో పాలుపంచుకొన్నవి.

లోజాన్ ఒక సత్యమును స్థాపించినది. నేసిన చేయి ఆలోచించిన చేయియు కావచ్చునని లోకము అంగీకరించినది. అయితే అది ఎన్నికచేయబడిన కొందఱి వేదిక. ఎన్నికకు బయట నున్న వేలకొలది చేతుల మాట అచట రాలేదు. ఆ చేతులను చూచుటకు గోదావరి డెల్టాకు రావలయును.

3. నరసాపురము: పేరు లేని అల్లిక

పశ్చిమ గోదావరి ప్రాంతమున నరసాపురము, పాలకొల్లు పరిసరగ్రామములలో స్త్రీలు క్రోషే లేసును అల్లుట పందొమ్మిదవ శతాబ్దిలో క్రైస్తవ మిషనరీల మూలమున ఆరంభమైనది. క్రమముగ అది ఎగుమతి వ్యాపారమైనది. వ్యాపారి దారమును, నమూనాను పంపును. మధ్యవర్తి ఇంటింటికి చేర్చును. స్త్రీ తన ఇంటిలో కూర్చుండి అల్లును. అల్లిన పువ్వులును చక్రములును మఱియొక యింటికి పోవును; అచట వేఱొక స్త్రీ వానిని అతుకును. పూర్తియైన బల్లగుడ్డయో, దుప్పటియో సముద్రము దాటి పోవును. పువ్వు నల్లిన ఆమె దాని పూర్ణరూపమును చూడక పోవుటయు సహజమే.

జర్మను సామాజికశాస్త్రవేత్త మరియా మీస్ ఈ ప్రాంతమున పరిశోధన చేసి 1982లో ఒక గ్రంథమును ప్రకటించినది. లేసు అల్లు స్త్రీలను పనివారుగ గాక, తీరికవేళను గడుపు గృహిణులుగ ఎంచుట చేతనే వారి కూలి అత్యల్పముగ నిలిచినదని ఆమె ప్రధాన ప్రతిపాదనము. 'తీరికపని' యను మాట ఒక ఆర్థికవ్యవస్థకు ఊతకోల అయినదని దీనివలన తెలియుచున్నది. ఆమె దృష్టి శ్రమ మీద నున్నది. మన దృష్టి కర్తృత్వము మీద నున్నది. రెండును ఒకేచోట కలియుచున్నవి. శ్రమకు విలువ కట్టని మాటయే కర్తకు పేరును కూడ నిరాకరించినది.

నరసాపురపు లేసును పరిశీలించినచో, ఇది పలువురి చేతులు కలిసి చేసిన తంతుకృతియే. వేలకొలది అల్లికలు ఒక్కటిగ కూడును. సామూహికత్వమున దీనికి ఏ కొఱతయు లేదు. నైపుణ్యమున సరేసరి, చిన్ననాడే సూది పట్టిన చేతులవి. ఆలంకారికులు కావ్యహేతువులుగ చెప్పిన శక్తి, నిపుణత, అభ్యాసములలో అభ్యాసము ఇచట పరాకాష్ఠ నందినది. కాని నమూనా బయటినుండి వచ్చును. దానిని మార్చినచో సరకు తిరిగివచ్చును. ఇచట పడుగు వ్యాపారిది, పేకయును వ్యాపారిదే. ఓబ్యూసోఁ నేతశాలలో చిత్రకారుని పేరైనను మిగిలినది. ఇచట ఎవరి పేరును లేదు.

2024లో నరసాపురపు క్రోషే లేసునకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఇది హర్షింపదగినది, నకిలీల నుండి ఆ పనికి కొంత రక్షణ నిచ్చునది. అయినను ఆ గుర్తింపు ఊరి పేరునకే గాని వ్యక్తి పేరునకు కాదు. సోమనాథుని పట్టికలో బట్టకు పేరున్నట్లే, ఈనాటి పట్టికలో ఊరికి పేరున్నది. అల్లిన ఆమె నేటికిని పట్టికకు వెలుపలనే యున్నది.

4. పగడపు దిబ్బ: నియమమును అతిక్రమణమును

అదే కొక్కెపు సూది, అదే ఉచ్చు, ఇంచుమించు అదే దారము మఱియొకచోట కళాప్రదర్శనశాలలకు ఎక్కిన వృత్తాంత మిది.

కార్నెల్ విశ్వవిద్యాలయమున గణితశాస్త్రమును బోధించిన లాట్వియా దేశీయురాలు డైనా టైమినా 1997లో అతిపరావలయ తలమునకు క్రోషే అల్లికతో నమూనాను చేసినది. అంతకు ముందు కాగితముతో చేసిన నమూనాలు సులువుగ చినిగిపోవునవి. ఆమె పద్ధతి అతిసరళమైనది. ప్రతి వరుసలోను కొన్ని కుట్ల కొకసారి ఒక కుట్టును పెంచుచు పోవలయును. అట్లు పెంచినచో అల్లిక చదునుగ నిలువదు. కోడిజుట్టు పువ్వు అంచువలె ముడుతలు పడుచు విరియును. కుట్లు ఎంత దగ్గఱగ పెంచిన అంత దట్టముగ మడతలు వచ్చును.

ఆస్ట్రేలియాలో జన్మించి లాస్ ఏంజిలిస్ నగరమున స్థిరపడిన కవల సోదరీమణులు మార్గరెట్, క్రిస్టీన్ వెర్థైములు 2005లో ఈ నియమమును చేపట్టి క్రోషే పగడపు దిబ్బను ఆరంభించిరి. మార్గరెట్ శాస్త్రవిషయ రచయిత్రి, క్రిస్టీన్ కవయిత్రి. తమ జన్మస్థానమైన క్వీన్సులాండు తీరమునందలి మహాపగడపు దిబ్బ సముద్రతాపము హెచ్చుటచే తెల్లబడి నశించుచున్నదను ఆవేదన వారిని ప్రేరేపించినది. పగడపు జీవులు స్వభావసిద్ధముగనే అతిపరావలయ రూపమును దాల్చును గనుక వస్తువునకును కుట్టునకును సహజమైన పొత్తు కుదిరినది. క్షేమేంద్రుడు చెప్పిన ఔచిత్యమునకు ఇంతకంటె మంచి ఉదాహరణము తంతుకళలో అరుదు.

ఇందు నాకు ముఖ్యముగ తోచినది ఆ నియమమును వారు పాటించిన తీరు. టైమినా సూత్రమును ఉన్నదున్నట్లు అనుసరించినప్పుడు వచ్చు రూపములు శుద్ధములు, క్రమబద్ధములు. ఒకదానికొకటి చాల దగ్గఱగ నుండును. కుట్లు పెంచు వేగమును నడుమ మార్చినప్పుడు, ఊలును విడిచి పూసలను, తీగను, ప్లాస్టిక్ సంచుల పేలికలను అల్లినప్పుడు, ఆ రూపములు ప్రాణము వచ్చినట్లు భిన్నములైనవి. నియమమును ఎఱిగి సడలించుటయే ఇచట కళ. ఛందస్సు నేర్చిన కవి గణముల నడుమ పలుకుబడిని నడపుట వంటిదిది. ఛందస్సు లేనిచో ఆ నేర్పు కనబడదు. ఛందస్సు మాత్రమే యున్నచో కవి కనబడడు.

పిదప నగరనగరమున స్థానికులు తమ దిబ్బలను తామే అల్లిరి. అనుబంధ దిబ్బలని వానికి పేరు. అమెరికాలోని జాతీయ ప్రకృతిశాస్త్ర ప్రదర్శనశాలలో 2010లో ఈ దిబ్బ ప్రదర్శింపబడినది. 2019లో వెనిస్ ద్వైవార్షిక ప్రదర్శనలో స్థానము పొందినది. 2022లో జర్మనీలోని బాడెన్-బాడెన్ నగరమున సుమారు 4,000 మంది అల్లిన 40,000 పగడములతో ఒక దిబ్బ వెలసినది. పాల్గొన్నవారిలో గృహిణులు, ఉపాధ్యాయులు, శాస్త్రజ్ఞులు, రచయితలు గలరు. వైజ్ఞానిక నవలారచయిత్రి వోండా మెకింటైర్ పూసలతో అల్లిన సముద్రజీవులు ఈ దిబ్బలో చేరినవి. ఆమె 2019లో మరణించినది. నవలకు ఆమెను కర్తగ ఎట్లెంచుదుమో ఈ అల్లికకును అట్లే ఎంచవలయును.

ఇక పేరు మాట. వెర్థైము సోదరీమణులు పాల్గొన్నవారి పేర్లను పట్టికలుగ ప్రకటించుటను ఆచారముగ పాటించిరి. నరసాపురముతో పోల్చినచో ఇది భూమ్యాకాశముల అంతరము. అయినను పెద్ద దిబ్బల విషయమున ఒక కొఱత మిగిలియున్నది. గోడమీద పేరున్నది, దిబ్బలో పగడమున్నది. ఏ పేరు ఏ పగడముదో చూపరికి సాధారణముగ తెలియదు. కృతి మొత్తమునకు లోకము చెప్పు పేర్లు ఆ యిరువురివే.

ఇది అన్యాయమని తొందరపడి అనరాదు. వేల అల్లికలలో ఏది ఎచట నుండవలయునో, ఏ రంగు ప్రక్క ఏ రంగు నిలువవలయునో నిర్ణయించుట కూడ రచనయే. సంకలనకర్త పని యట్టిది. మన సాహిత్యమున పెదపాటి జగ్గన ప్రబంధరత్నాకరమును సంకలించినాడు. పద్యముతో పాటు కవి పేరును, కావ్యము పేరును చేర్చుట వలన, పూర్తిగ నశించిన కావ్యములును, వాని కర్తలును ఆ గ్రంథము మూలముననే మనకు తెలియవచ్చిరి. జగ్గన కీర్తికి దానివలన లోపము రాలేదు, పెరిగినది. ఆ కవుల పేర్లనన్నింటిని గ్రంథము చివర ఒక్క పట్టికగ వ్రాసి, పద్యముల నుండి వేరుచేసి యుండినచో, సాహిత్యచరిత్రకారునికి ఎంత నష్టము వాటిల్లెడిదో ఊహింపుడు. దిబ్బకు నేను చెప్పు ఆక్షేపణ ఇంతియే. పేరు పట్టికలో నుండుట మర్యాద. అల్లిక ప్రక్క నుండుట న్యాయము.

5. స్మారకపు బొంత: నైపుణ్యము లేనిచోట ఔచిత్యము

సామూహిక తంతుకృతులలో నైపుణ్యమునే ప్రమాణముగ గ్రహించిన విమర్శ పొరపడునని తెలుపుటకు మఱియొక ఉదాహరణము చాలును. ఎయిడ్సు వ్యాధిచే మరణించినవారి స్మారకముగ అమెరికాలో ఒక బొంత కుట్టబడినది. సాన్ ఫ్రాన్సిస్కో నగరవాసి క్లీవ్ జోన్స్ దీనికి మూలపురుషుడు. 1987 అక్టోబరు 11వ తేదీన వాషింగ్టను నగరమందలి జాతీయ మైదానమున తొలిసారి పఱచినప్పుడు అందు 1,920 ఖండము లుండినవి. 1996 అక్టోబరులో చివరిసారిగ మొత్తము బొంత ఒక్కచోట పఱచబడినది. నేడు ఖండముల సంఖ్య సుమారు 50,000.

ప్రతి ఖండము 3 అడుగుల వెడల్పు, 6 అడుగుల పొడవు. అనగా ఒక సమాధి కొలత. ఎనిమిది ఖండములను కలిపి 12 అడుగుల చదరముగ కుట్టుదురు. ఇంతకు మించిన నియమము దాదాపు లేదు. ఆ కొలతలో తల్లియు, స్నేహితుడును, సహచరుడును తమకు తోచినది కుట్టిరి. మృతుని చొక్కా, బొమ్మ, ఉత్తరము, టోపీ అందు చేరినవి. కుట్టినవారిలో అనేకులకు అంతకు ముందు సూది పట్టిన అలవాటు లేదు. కుట్లు వంకరలు, అక్షరములు ఎగుడుదిగుడులు.

మన విమర్శలో 'అతుకులబొంత' యనునది నిందావాచకము. భాగములకు పొందిక లేని కావ్యమును అట్లందుము. ఇచట అతుకే అర్థము. ఒక ఖండమునకును ప్రక్క ఖండమునకును రంగు కుదరదు, రీతి కుదరదు. కొలత మాత్రము కుదురును. మరణమొక్కటే సమానమని ఆ కొలత చెప్పుచున్నది. బ్రదుకులు వేఱువేఱని రంగులు చెప్పుచున్నవి. నియమము ఇంత స్వల్పముగ నుండి ఇంత గాఢముగ ధ్వనించుట అసాధారణము. వంకర కుట్టు నరసాపురపు లేసులో దోషము, ఇచట గుణము. దోషము సందర్భవశమున గుణమగునని ఆలంకారికులు చెప్పినదే గదా.

పేరు విషయమున ఈ బొంత ఒక విపర్యయమును చూపుచున్నది. గుడ్డమీద పెద్ద అక్షరములతో నున్నది మృతుని పేరు. కుట్టినవారు తమ పేరును ముందుంచుకొనలేదు. ఈ అనామకత్వము వారు కోరి వహించినది. లేసు వర్తకములోని అనామకత్వము పరులు విధించినది. రెండింటిని ఒక్కటిగ చూచి, 'జానపదకళలో పేరు కనవసరము' అని సిద్ధాంతీకరించుట సరికాదు. పేరు చెప్పుకొను అవకాశముండి దానిని విడిచినప్పుడే ఆ త్యాగమునకు అర్థము గలదు.

6. ఆక్షేపణలు

పై వాదమునకు రెండు ఆక్షేపణలు రావచ్చును. మొదటిది: ఉత్సవము సమానత్వమునకు చిహ్నము, అందు ఒకరి పని మేలనియు, మఱియొకరిది తక్కువయనియు చెప్పుట ఉత్సవధర్మమునకే విరుద్ధము. దీనికి సమాధానము మన ఉత్సవములలోనే యున్నది. తెలంగాణమున బతుకమ్మ పండుగనాడు ఇంటింట స్త్రీలు తంగేడు, గునుగు, బంతి పూలను వరుసలుగ పేర్చి బతుకమ్మను చేయుదురు. శిఖరాకృతి అందఱిది, వరుసల కూర్పు ఎవరిది వారిది. వానిని నడుమ నుంచి వలయముగ తిరుగుచు పాడుదురు. ఆటకు ముందును పిదపను ఎవరి బతుకమ్మ ఎత్తుగ నిలిచినది, ఎవరి రంగులు పొందికగ నున్నవి యను చర్చ సాగనే సాగును. ఆ చర్చ వలన పండుగ చెడినదని ఎవరును అనరు. ఎదుటివారి పేర్పును చూచి మఱుసటి యేడు మార్చుకొనువారును గలరు. విమర్శ ఆ ఉత్సవమున అంగమే. సమానత్వ మనగా అందఱి పనియు సమానమనుట కాదు; అందఱి పనియు సమానమైన శ్రద్ధతో చూడబడుట.

రెండవ ఆక్షేపణ: కృతి ఒక్కటి, దాని భాగములను విడదీసి చూచుట తగదు. పగడపు దిబ్బను చూడవలయునే గాని ఒక్కొక్క పగడమును లెక్కింపరాదందురు. ఇది కొంతవఱకు నిజము. సమష్టిరూపమునకు వేఱొక సౌందర్య మున్నది. దానిని కూర్చినవారికి ఆ ఖ్యాతి చెందవలయును. కాని సమష్టిని చూచుట వ్యష్టిని చూడకుండుటకు సాకు కారాదు. ప్రబంధమును మొత్తముగ మెచ్చుకొనుచునే ఒక్క పద్యముపై మనము పుటలు పుటలుగ వ్యాఖ్య వ్రాయుచున్నాము. ఇందుచే ప్రబంధమునకు భంగము రాలేదు.

ఇక కేవలము సంఖ్యను చూచి పొగడు అలవాటును గూర్చి ఒక మాట. ఇన్ని వేల మంది, ఇన్ని వేల గజములు అను ప్రశంస తంతుకళోత్సవ వార్తలలో తఱచుగ కనిపించును. ఈ వ్యాసమునను అంకెలు చెప్పబడినవి; వాని ప్రయోజనము విస్తారమును తెలుపుట వఱకే. వేయి పద్యములున్న మాత్రమున కావ్యము గొప్పది కానట్లే, వేయి చేతులు చేరిన మాత్రమున కృతి గొప్పది కాదు. సంఖ్యయే గుణముగ చెలామణి యగుచోట పాల్గొన్న వ్యక్తి మరల అంకెగ మాఱును. అప్పుడు ఉత్సవమునకును ఎగుమతి గిడ్డంగికిని భేదము తగ్గిపోవును.

7. ఉపసంహారము

పై పరిశీలనము వలన మూడు ప్రమాణములు తేలుచున్నవి. మొదటిది, నియమము పాల్గొనువారి స్వేచ్ఛకు చోటిచ్చినదా అనునది. అంకెల నమూనాలోను, లేసు వర్తకములోను ఆ చోటు లేదు. పగడపు దిబ్బలో నున్నది. స్మారకపు బొంతలో అత్యధికముగ నున్నది. రెండవది, కర్త పేరు ఆమె అల్లికతో కలిసి నిలిచినదా, లేక ఆమె కోరి దానిని విడిచినదా అనునది. మూడవది, ఆ అల్లిక గుణదోషవిచారణకు పాత్రమైనదా అనునది. ఈ మూడును గలచోట పాల్గొన్న వ్యక్తి నిస్సందేహముగ కళాకారుడు.

మూడవ ప్రమాణము మన చేతిలో నున్నది. నియమమును నిర్వాహకులు సడలింపవలయును. పేరును నిర్వాహకులు వ్రాయవలయును. విమర్శను మాత్రము విమర్శకులే వ్రాయవలయును. తెలుగున కావ్యవిమర్శకు ఘనమైన సంప్రదాయ మున్నది. అల్లికకు ఇంటింట పరిచయ మున్నది. రెండింటికి ఒకే క్రియాపదమున్నది. అయినను నరసాపురపు లేసులోని ఒక పువ్వు కూర్పును గూర్చి, ఒక అంచు తీర్పును గూర్చి, ఒక పద్యమును వివరించునట్లు వివరించిన వ్యాసములు మన పత్రికలలో ఎన్ని గలవు? శ్రమను గూర్చిన గ్రంథము విదేశీయురాలు వ్రాసినది. రూపమును గూర్చిన గ్రంథమును వ్రాయవలసిన బాధ్యత తెలుగువారిది.

తెలుగుసీమలో ఇట్టి ఉత్సవము నడపువారు మూడు పనులు చేయుట మేలని తోచుచున్నది. పిలుపులోనే నియమమెంతయో, స్వేచ్ఛ యెంతయో స్పష్టముగ చెప్పుట. ప్రతి అల్లికకును కర్త పేరు, ఊరు, వాడిన దారము, చేసిన సంవత్సరము జతపఱచి భద్రపఱచుట. ఉత్సవానంతరమున నిపుణులచే వివరమైన సమీక్షలు వ్రాయించి ప్రకటించుట. లేసు అల్లు స్త్రీలను ఆ ఉత్సవమునకు పిలుచునప్పుడు తమ నేర్పును ప్రదర్శించుటకు మాత్రమే కాక, నమూనాను తామే కల్పించుటకు పిలువవలయును. ఏండ్ల తరబడి పరుల నమూనాను తప్పులేకుండ దింపిన చేయి, తనకు తోచినట్లు ఒక్క వరుసను పెంచినప్పుడు ఏమి రూపము వచ్చునో మనము ఇంకను చూడవలసియున్నది. అది మంచిదైనచో మంచిదని, కొఱత యున్నచో కొఱత యున్నదని చెప్పుట ఆమెకు మనము చూపదగిన గౌరవము.